జేబు లేని అంగీ

ఆ యేడు క్రిస్మస్‌కు మా నాయిన గద్వాలలో కొన్న గుడ్డను చూడగానే నాకు ఒళ్ళు మండింది. నీలం మీద పసుపు గళ్ళు, ఒక్కో గడి నా అరచేయంత.

"గిది అమ్మినోనికి నీ మీద ఏమన్న పగ ఉండెనా నాయినా?" అన్నాను.

"గట్టి గుడ్డ బిడ్డా. పదేండ్లు ఏసుకున్నా సినగది," అని గుడ్డ తాను మీద అరచేత్తో రెండుసార్లు చరిచి చూపించాడు. మా నాయిన బక్కయ్యకు గుడ్డ మంచిదంటే గట్టిదనే. రంగుతో ఆయనకు పనిలేదు.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఒకే తాను. నాయినకు అంగీ, తమ్ముడు రంజిత్‌కు అంగీ, అమ్మకు రవిక, నాకు పంజాబీ డ్రెస్సు పైది, అన్నీ అందులోంచే రావాలి. తాత రోజుల నుంచీ అదే పద్ధతి. చర్చిలో కూర్చుంటే ఎవరు ఎవరింటి వాళ్ళో బట్ట చూసి చెప్పేయవచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉంది. క్రిస్మస్ నాటి ప్రార్థన కాకముందు ఆ బట్ట ఒంటి మీద పడకూడదు.

"అందరం కలిసి నడుస్తుంటే బ్యాండు మేళం అనుకుంటరు," అన్నాడు రంజిత్. వాడు గద్వాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. చదువుతున్నాడని మేము అనుకుంటున్నాం గానీ, నెల రోజులుగా వాడి చదువంతా రోడ్ల మీదే.

అది రెండు వేల తొమ్మిది. డిసెంబరు తొమ్మిదిన తెలంగాణ ఇస్తున్నామని టీవీలో చెప్పినప్పుడు మా ఊరు ఊరంతా బయటికి వచ్చింది. నాయిన చర్చిలోని డోలకును భుజాన వేసుకుని వెళ్ళి తెల్లారేదాకా కొట్టాడు. దేవుని డోలకును రాజకీయాలకు వాడతావా అని పాస్టర్ ప్రేమ్ కుమార్ అయ్యగారు మరునాడు మందలించబోయి, ఆయనే నవ్వేశాడు. ఆయన కూడా ఆడినవాడే మరి.

పద్నాలుగు రోజులకు ఇరవై మూడున అదే టీవీలో మాట మారింది. ఇప్పట్లో కాదన్నారు. రంజిత్ అన్నం పళ్ళెం గోడకు కొట్టాడు. ఇరవై నాలుగు, ఇరవై ఐదు రెండు రోజులూ బంద్ అన్నారు.

"పండుగ పూట గూడ బందేనారా?" అంది అమ్మ. ఆమె పేరు సారమ్మ. అప్పటికే అప్పాల పిండి కలిపి పెట్టుకుంది.

"మన పండుగ మోసపోయిన్నాడే అయిపాయె అమ్మా," అని వాడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. గోడకు అంటిన మెతుకులు అమ్మే గీకి తీసింది.

*

మా ఊరు ఇటిక్యాల దాటినాక. అక్కడి నుంచి హైవే మీది చౌరస్తాకు అరగంట నడక. చౌరస్తాలో కరీం చాచా టైలర్ దుకాణం. నేను ఇంటర్ తప్పిన నాటి నుంచి అక్కడే పని నేర్చుకున్నాను. కాజాలు, గుండీలు, అంచు మడతలు నావి. కత్తిరింపు మాత్రం చాచా ఎవరినీ ముట్టనివ్వడు.

ఇరవై నాలుగు మధ్యాహ్నం మా బట్టలు తెచ్చుకోవడానికి పొలాల వెంట వెళ్ళాను. ముందు షట్టరు మూసి ఉంది. వెనక తలుపు కొడితే చాచా భార్య షాహెదా చాచీ తీసింది. అది మొహర్రం నెల. ఊరి పీర్లలో ఒకదాన్ని ఎత్తేది చాచానే. అందుకే తలకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని నాలుగు బట్టలూ మడిచి కవర్లో పెడుతున్నాడు.

"మీ నాయిన కొలిసినట్టు దెచ్చిండు బేటీ. మీ అమ్మ రవికె లోపల పట్టీకి సాలక తెల్లగుడ్డ ఏసిన. పీలిక గూడ మిగల్లె," అన్నాడు. "జర జల్ది పో. ఈ దినం హవా మంచిగ లేదు."

నేను బయటికి వచ్చేసరికే చౌరస్తాలో బస్సు కాలుతోంది. అందులోని జనాన్ని దింపేసి తగలబెట్టారట. దింపిన వాళ్ళు మూటలు, పిల్లలను పట్టుకుని జొన్నచేలోకి పరుగెత్తుతున్నారు. టైరు ఒకటి పేలింది. ఆ చప్పుడుకు నేను కవరు గుండెలకు పట్టుకుని దుకాణం వెనక గోడకు అతుక్కుపోయాను.

అప్పుడే రంజిత్ గోడ మలుపు తిరిగి వచ్చి నా మీద పడ్డాడు. వాడి అంగీ ముందంతా డీజిలు. కుడి మోచేతి మీద వెంట్రుకలు కాలి వాసన వస్తోంది.

"బస్సు నువ్వే కాలవెట్టినవా?"

"అందరం."

"అందరి పేర్లు సెప్తరా ఠాణాల? గీ అంగీ వాసనకే నిన్ను పట్టుకపోతరు. ఇప్పు." కవరులోంచి వాడి కొత్త అంగీ తీసి ముందుకు చాపాను. "గిది ఏసుకొని చేన్ల పొంటి ఇంటికి వో."

వాడు చేయి చాచలేదు. "కొత్తది గదక్కా. ప్రార్థన కాలె ఇంక."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "బస్సు తగలవెట్టినోనికి ఇప్పుడు ప్రార్థన యాదికొచ్చెనా? ఏసుకోరా!"

వేసుకున్నాడు. గుండీలు నేనే పెట్టాను. డీజిలు అంగీని చుట్టి తుమ్మకంపలోకి విసిరేశాను. ఆ పూట నేను చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

వాడు పది అడుగులు చేను వైపు వేశాడు కూడా. సరిగ్గా అప్పుడే పోలీసులు విరుచుకుపడ్డారు. వాడి తరగతి పిల్లవాడొకడు రోడ్డు మధ్యలో దొరికిపోయాడు. ముగ్గురు చుట్టూ నిలబడి కొట్టారు. మొదట చేతులు అడ్డం పెట్టాడు. చేతులు కిందికి జారినాక తల మీద కొట్టారు. తల పగిలి రక్తం కళ్ళలోకి కారుతున్నా ఆపలేదు. రంజిత్ వెనక్కి తిరిగాడు.

"వద్దురా తమ్మీ," అని నేను అరిచాను.

వాడు రోడ్డు పక్క నుంచి పిడికిట్లో పట్టేంత కంకరరాయి ఏరుకుని పరుగెత్తాడు. ఆ ముగ్గురి దాకా పోలేకపోయాడు. మధ్యలో ఒక కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. నలభై దాటిన మనిషి, హెల్మెట్ ఎక్కడో పడిపోయింది. ఆయన లాఠీ ఎత్తలేదు. ఒక చేత్తో రంజిత్ రొమ్ము మీద జేబు దగ్గర అంగీ దొరకబుచ్చుకుని, "పో బిడ్డా, ఇంటికి వో, సంపుతరు నిన్ను," అంటున్నాడు. మన యాసే. రంజిత్ వినే స్థితిలో లేడు. రాయి విసరలేదు. పిడికిట్లో పట్టుకునే ఆయన ముఖం మీద కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

రెండో దెబ్బ కంట్లో పడింది. ఆయన అరవను కూడా లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పడుతూ పడుతూ పట్టు వదలలేదు. జేబు చిరిగి ఆయన పిడికిట్లోనే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి రక్తం ఆ పసుపు గళ్ళ మీదికి కారడం నేను చూశాను.

తర్వాత ఏమైందో చూడలేదు. పరుగెత్తాను.

*

సందెపొద్దుకు ముందు వాడు ఇల్లు చేరాడు. కందిచేలో పడుకుని వచ్చాడట. అమ్మ పొయ్యి దగ్గర అప్పాలు కాలుస్తోంది. వాడి చేతి మీద రక్తం, రొమ్ము మీద వేలాడే దారాలు చూసి అలాగే జల్లిగంటె పట్టుకుని కూర్చుండిపోయింది. నూనెలో అప్పాలు నల్లబడ్డాయి. జరిగింది నేనే చెప్పాను. దాచడానికి నాకు మనసొప్పలేదు.

నాయిన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ మనిషి బతికిండా?"

"తెల్వదు," అన్నాడు రంజిత్.

నాయిన లేచి వాడి చెంప మీద కొట్టాడు. వాడు పడలేదని ఇంకోటి కొట్టాడు. ఈసారి గోడకు తగిలాడు. నాయిన మమ్మల్ని కొట్టడం మేము అంతకుముందు ఎరగం.

"వాళ్ళు మా సోపతిగాని తలకాయ వలగ్గొట్టిండ్రు నాయినా! సూసుకుంట ఉండాల్నా? నాకు రాష్ట్రం గావాలె!"

"ఆ పోలీసాయనది గూడ గీ రాష్ట్రమేరా," అన్నాడు నాయిన. పోయి అరుగు మీద కూర్చున్నాడు.

నేను అంగీ ఉతికి రక్తం పోగొట్టాను. చన్నీళ్ళు, సబ్బు, మళ్ళీ చన్నీళ్ళు. పొయ్యి సెగకు పట్టుకుని ఆరబెడుతున్నప్పుడు షాహెదా చాచీ వచ్చింది. ఎప్పుడూ వంటింటి దాకా వచ్చే మనిషి వీధి మలుపులోనే ఆగి నాయినను పిలిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. నాయిన తల వంచుకుని విన్నాడు. ఆమె లోపలికి రాకుండానే వెనక్కి మళ్ళింది.

"చాచీ ఎందుకొచ్చింది?" అని అడిగాను.

"పండుగ మంచిగ చేస్కోండ్రి అని చెప్పనీకొచ్చింది," అన్నాడు నాయిన.

కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన కొత్త అంగీ కవరులోంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"గీ జేబు ఇప్పి తమ్మునిదానికి కుట్టు బిడ్డా."

"మరి నీకు?"

"నా జేబుల ఏముంటది? నేను మీద తువ్వాల ఏసుకుంట. పడుసుపోరడు, చర్చిల అందరి నడుమ జేబు లేక నిలవడితే మంచిగుండదు."

నాకు అందులో వంక కనిపించలేదు. పండుగ పూట నలుగురిలో పిల్లవాడి అంగీ బాగుండాలనుకుంటున్నాడు, అంతే అనుకున్నాను. అంత జరిగినాక కూడా కొడుకు జేబు గురించి ఆలోచిస్తున్నాడే అని నాయిన మీద కొంచెం కోపం కూడా వచ్చింది. బ్లేడు తీసుకుని ఒక్కో కుట్టూ తెంపాను. చేతికుట్టుతో రంజిత్ అంగీకి పెట్టాను. నాయిన లేవకుండా అయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు.

"గళ్ళు కలిసినయా?"

"కలిసినయ్."

"మంచిగ సూడు."

చూశాను. అడ్డగళ్ళు, నిలువుగళ్ళు అన్నీ కలిశాయి. కరీం చాచా అయినా పట్టుకోలేడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎన్ని వందల అంగీలు కుట్టానో, ఆ జేబంత శుభ్రంగా మరొకటి కుట్టలేదు. అది తలచుకుంటే నా వేళ్ళ మీద నాకే అసహ్యం వేస్తుంది.

*

పొద్దున బట్టలు వేసుకునేటప్పుడు నాయిన అంగీ మీద జేబు తీసిన చోట పై మూలన రెండు వేళ్ళంత చింపు కనిపించింది.

"అయ్యో, నా బ్లేడు తగిలిందేమో నాయినా, ఇయ్యి, రెండు కుట్లు ఏస్త," అన్నాను.

"ప్రార్థనకు ఆల్చమైతది," అని తువ్వాల భుజం మీద నుంచి రొమ్ము మీదికి వేసుకుని బయలుదేరాడు.

బంద్ అయినా ప్రార్థనలకు పోయేవాళ్ళను ఎవరూ ఆపలేదు. చర్చి అంటే రేకుల కప్పు, సున్నం గోడలు, గుమ్మానికి రంగుకాగితాల నక్షత్రం. మేము నలుగురం నీలం పసుపు గళ్ళలో వెళ్ళి ఎప్పటి చోట కూర్చున్నాం. ఎవరో వెనక నుంచి బ్యాండు అన్నారు. ఇంకో రోజైతే తిరిగి నాలుగు మాటలు అనేదాన్నే. నాయిన డోలకు ముందు కూర్చుని పాటకు దరువు వేశాడు. మగవాళ్ళ వరసలో రంజిత్, వాచిన చెంపతో, నేల చూపులు చూస్తున్నాడు.

రెండో పాటలో బయట జీపులు ఆగాయి.

బూట్లతోనే లోపలికి వచ్చారు. వాకిట్లో విప్పిన చెప్పుల కుప్పను తన్నుకుంటూ వచ్చారు. "ఇది ప్రార్థన మందిరం సార్," అని ప్రేమ్ కుమార్ అయ్యగారు ఎదురెళితే ఒకడు రొమ్ము మీద చెయ్యేసి నెట్టాడు. అయ్యగారు బల్ల మీద పడ్డారు. బల్ల మీది పూలగిన్నె పగిలింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

ఎస్సై చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులో ఎండిన రక్తంతో ఒక జేబు.

"నిన్న కొత్త బట్ట ఏసుకున్నోళ్ళు ఎవ్వళ్ళుంటరు? పండుగున్నోళ్ళే గదా," అంటూ చుట్టూ చూశాడు. ఆయన చూపు ముందు అమ్మ రవిక మీద ఆగింది. తర్వాత నా మీద. అప్పుడు అర్థమైంది నాకు. మేము నలుగురం సాక్ష్యాన్ని ఒంటి మీద తొడుక్కుని వరసగా కూర్చున్నాం.

ఎస్సై నేరుగా రంజిత్ దగ్గరికి వెళ్ళి మెడ పట్టి లేపాడు. కవరును వాడి రొమ్ముకు ఆనించాడు. అక్కడ జేబు ఉంది. గోటితో అంచు గీకి చూశాడు. గళ్ళు కలిసి ఉన్నాయి, కుట్టు గట్టిగా ఉంది. నా పనితనం.

"ఇంకెవనికి కుట్టిచ్చిండ్రురా గీ గుడ్డ?"

డోలకు ఆగింది. నాయిన లేచి నిలబడి తువ్వాల తీసి డోలకు మీద పెట్టాడు.

రొమ్ము మీద జేబు చోట ఉత్త గుడ్డ, సూది రంధ్రాలు, పై మూలన చింపు. నా బ్లేడు అంత చింపు చేయదు. అది చేత్తో చించిన చింపు.

"నేనే సారు," అన్నాడు నాయిన.

ఎస్సై యాభై రెండేళ్ళ మనిషిని, నెరిసిన గడ్డాన్ని చూశాడు. "నువ్వా ముసలోడా? నువ్వు గుద్దితే కన్ను వోయిందా మా గోవిందుకు?" అన్నాడు. నమ్మలేదు. ఎవడైనా నమ్మడు. కానీ ఆయనకు సాయంత్రంలోగా ఒక మనిషి కావాలి, మనిషి తనంతట తానే లేచి నిలబడ్డాడు.

నాయినను వాకిట్లోకి ఈడ్చారు. కడుపులో తుపాకి మడమతో పొడిచారు. వంగినవాడిని వీపు మీద కొట్టారు. అమ్మ అడ్డం పడితే జుట్టు పట్టి అవతలికి లాగారు. చెప్పుల కుప్పలో పడింది.

"ఏ చేత్తోని కొట్టినవ్‌రా?"

నాయిన కుడిచేయి చాపాడు. మెట్టు మీద పెట్టమన్నారు. పెట్టాడు. లాఠీ మూడుసార్లు వేళ్ళ మీద పడింది. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు లోపలున్న వాళ్ళకు కూడా వినబడింది. అంతసేపూ అరవని మా నాయిన అప్పుడు "యేసయ్యా" అని ఒక్క కేక పెట్టాడు. ఆ కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నేను తల తిప్పి రంజిత్‌ను చూశాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడు కదలలేదు. ఎడమచేయి ఎత్తి జేబు మీద అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. నేనూ అరవలేదు. వీడు సార్, అని ఒక్క మాట అంటే నాయినను వదిలేవారు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జీపు వెళ్ళిపోయినాక చూస్తే నక్షత్రం కింద పడి నలిగి ఉంది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ముందురోజు మాడిన అప్పాలు కూడా అట్లాగే ఉండిపోయాయి.

*

నాలుగు రోజులు అమ్మా నేనూ ఠాణా ఎదురుగా రోడ్డు పక్కన కూర్చున్నాం. పొద్దున తెచ్చిన సద్ది సాయంత్రం వెనక్కి తీసుకుపోయేవాళ్ళం. లోపల్నుంచి దెబ్బల చప్పుడు, మనుషుల అరుపులు. ఏది నాయినదో చెవి పెట్టి వినేదాన్ని, వినబడకూడదనీ అనుకునేదాన్ని.

రెండోరోజు కరీం చాచా, చాచీ వచ్చి మా పక్కన కూర్చున్నారు. చాచా ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది, పెదవి చీలింది.

"ఇదేంది చాచా?"

చాచీ చెప్పింది. "ఇరవై నాలుగు నాడే జేబు వట్టుకొని దుకాణంల దిగిండ్రు బేటీ. గీ కుట్టు నీదేనా, ఎవనికి కుట్టినవని. నాది గాదన్నడు ఈయన. మిషిను ఎత్తి రోడ్డు మీద ఏసిండ్రు. అయినా నాది గాదనే అన్నడు. గందుకే ఆ పొద్దు ఉరికొచ్చి మీ నాయినకు సెప్పిన. జేబు వాళ్ళ తాన ఉన్నది, పోరన్ని యాడికన్న పంపుండ్రి అని."

అమ్మ చాచీ ముఖాన్నీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. పోరన్ని పంపమని ఆమె చెబితే, పోరన్ని పండుగ పూట ఇంట్లోంచి పంపడం ఇష్టం లేక మా నాయిన నా ఒళ్ళో అంగీ పెట్టాడు. పంపితే వాడు జన్మంతా పరుగెత్తుతూనే ఉంటాడని అనుకున్నాడో ఏమో. ఆ సంగతి మేము ఎన్నడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాలుగో నాడు మధ్యాహ్నం నాయినను వదిలారు. ఆ గోవిందు కర్నూలు దవాఖానలో లేచి కూర్చుని మాట్లాడాడట. పోలీసులు నాయిన ఫోటో చూపిస్తే, "నన్ను కొట్టినోడు ఈయన కాదు," అన్నాడట. మరి ఎవడు అంటే, "రక్తం కండ్లల్ల వడ్డది, మొఖం గుర్తు లేదు," అన్నాడట. మెడ పట్టి బయటికి తోసిన కానిస్టేబులే ఈ ముక్క మాకు చెప్పాడు. నాకు మాత్రం తెలుసు. రక్తం పడకముందే గోవిందు మా తమ్ముడి ముఖం బాగా దగ్గర నుంచి చూశాడు. జేబు పట్టుకుని బిడ్డా అని పిలిచాడు.

ఆ రోజే పీర్లు నీళ్ళకు పోయే రోజు. నాయినను నడిపించుకుని వస్తుంటే ఎదురుగా పీర్ల గుంపు. వాచిన ముఖంతోనే చాచా పీరును ఎత్తుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. డప్పులు ఆపారు. నాయిన విరిగిన చేయి రొమ్ముకు ఆనించుకుని ఎడమచేత్తో సలాం చేశాడు. చాచా ఏడ్చాడు. తర్వాత ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం.

ఇంట్లో రంజిత్ నాయినను చూసి కాళ్ళ మీద పడబోయాడు. అమ్మ వాడి భుజం పట్టి వెనక్కి నెట్టింది.

"ఆయన తువ్వాల తీస్తున్నప్పుడు నువ్వు జేబు మీద చెయ్యి వెట్టుకున్నవ్. నేను సూసినరా. నేను కన్నదాన్ని, నేను సూసిన!" అని రొమ్ము బాదుకుంటూ అరిచింది. వీధి వీధంతా వినబడేలా అరిచింది. నాయిన, "సారమ్మా, ఆకలైతుంది," అన్నాడు. అప్పుడు ఆపి పొయ్యి దగ్గరికి పోయింది.

*

నాయిన కుడిచేతి మూడు వేళ్ళు విరిగాయి. కట్టు కట్టారు గానీ అవి మళ్ళీ డోలకుకు పనికిరాలేదు. గుండీ కూడా పట్టలేకపోయాడు. రోజూ పొద్దున అంగీ గుండీలు రంజితే పెట్టేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. కింది నుంచి మొదలుపెట్టి పైకి వచ్చేవాడు. జేబు పక్క గుండీ దగ్గరికి వచ్చేసరికి, ఏ అంగీ అయినా సరే, వాడి చేయి ఆగేది. నాయిన ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాడు. ఆ ఇంట్లో ఉండడమే నాకు కష్టంగా ఉండేది. వాడిని చంపాలనిపించేది, వాడి పక్కన కూర్చుని ఏడవాలనీ అనిపించేది.

జనవరి మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, నెలకోసారి రొట్టె పంచుకునే ఆరాధన. ఎవరి పట్లనైనా తప్పు చేసి, దాన్ని సరిచేసుకోకుండా రొట్టె ముట్టకూడదు. మా దగ్గర అది గట్టి మాట. రొట్టె పళ్ళెం వరసలో వచ్చింది. నాయిన చేయి కట్టులో ఉంది గనక రంజిత్ ముక్క తీసి ఆయన నోట్లో పెట్టాడు. పళ్ళెం తన చేతిలోనే ఉంది. అందరూ చూస్తున్నారు. వాడు తీసుకోలేదు. పక్కవాడికి అందించాడు. అయ్యగారు ప్రార్థన కొంచెం పొడిగించారు, వాడు మనసు మార్చుకుంటాడేమోనని. వాడు మార్చుకోలేదు.

నెలంతా వాడు కాలేజీకి పోలేదు. ఉద్యమం వాళ్ళు ఇంటికి వచ్చి పిలిచినా పోలేదు. ఆ ఉద్యమమే నాలుగేళ్ళకు గెలిచింది, రాష్ట్రం వచ్చింది, నేనూ వీధిలోకి పోయి అందరితో ఆడాను. అది వేరే సంగతి.

ఫిబ్రవరి మొదటి ఆదివారానికి ముందురోజు పొద్దున రంజిత్ నాయినకు గుండీలు పెట్టి ముగించి, అక్కడే నిలబడ్డాడు.

"పెద్దమందడి దిక్కు ఏదో ఊరట ఆయనది," అన్నాడు. "పోతున్న."

ఎవరిదని మేము అడగలేదు. అమ్మ డబ్బాలో అప్పాలు పెట్టి ఇచ్చింది. వాడు ఆ గళ్ళ అంగీనే వేసుకున్నాడు. క్రిస్మస్ తర్వాత దాన్ని ముట్టలేదు. ఈసారి జేబు మీద చేయి పెట్టుకోలేదు.

వాడు బస్సెక్కినాక నేను పది సార్లు వీధిలోకి వచ్చి చూశాను. ఆ గోవిందు పట్టించి ఉంటాడు. ఠాణాకు తీసుకుపోయి ఉంటారు. అదే న్యాయం కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మళ్ళీ వీధిలోకి వచ్చేదాన్ని. నాయిన మాత్రం అరుగు దిగలేదు. కట్టు విప్పిన వేళ్ళను ఎడమచేత్తో రుద్దుకుంటూ దారి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఎండ తగ్గేవేళకు వచ్చాడు. చేతిలో ఖాళీ డబ్బా. నాయిన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఉండెనా?" అన్నాడు నాయిన.

"ఉండె. ఒక కన్నే ఉన్నది నాయినా." అరచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. "నేను గుమ్మంల నిలవడితే సూసిండు. మొఖం సూసిండు, అంగీ సూసిండు. నేనే అన్న. ఎరికే అన్నడు."

"ఇంకేమన్నడు?"

"కూసోమని సెయ్యి సూపిండు. నేను లేద్దామంటే, తినిపో అన్నడు."

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాయిన ఆ వంకర వేళ్ళతో వాడి తల తడమబోయాడు, అవి వంగలేదు. అరచేయి మొత్తం వాడి తల మీద ఆనించాడు.

"మరి తిన్నవా?"

"తిన్న," అన్నాడు రంజిత్.